గాజు స్టాండు మధ్య అర

జూన్ 3, సోమవారం

ఇంట్లో నాకు తెలియకుండా ఏదో జరుగుతోంది. అదేమిటో తేలేదాకా రోజూ రాయాలనుకుంటున్నాను. ఈ పుస్తకం నేను పనిచేసే ప్రెస్సులో మిగిలిపోయింది. అట్ట మీద "స్టాకు రిజిస్టరు" అని అచ్చయి ఉంది కాబట్టి ఎవరూ తెరవరు.

ఆయన ఇవాళ డ్యూటీ దిగి వస్తూ ఒక ఆంప్లిఫయరు మోసుకొచ్చాడు. ఎవరో వాడి వదిలేసింది. నల్లటి ఇనప పెట్టె, నా కుట్టుమిషనంత బరువుంది. పోయిన నెలలో రెండు స్పీకర్లు వచ్చాయి. అంతకుముందు ఏదో ప్లేయరు వచ్చింది.

"ఇదెందుకండీ?" అన్నాను.

"టీవీలో మాటలు ముద్దముద్దగా వస్తున్నాయి. ఇది పెడితే విడివిడిగా వస్తాయి."

నాకు విడివిడిగానే వస్తున్నాయి. ఆ మాటకొస్తే కింది వాటావాళ్ళకి కూడా వస్తున్నాయి. మొన్న మెట్ల మీద ఆవిడ, "నిన్నటి సీరియల్లో ఆ అత్తగారు భలే తిట్టింది కదండీ. మేం టీవీ పెట్టుకోనక్కర్లేకుండానే అయిపోయింది" అంది.

ముప్పై ఏళ్ళుగా సిటీ బస్సు నడుపుతున్న మనిషి. ఇంటికొస్తే చెంచా కింద పడినా విసుక్కునేవాడు. అలాంటివాడికి ఇప్పుడు ఇంత మోత కావాల్సి వచ్చింది. చప్పుడు కింద దాచుకోవలసింది ఏదో ఉంటే తప్ప ఎవరికీ ఇంత చప్పుడు అక్కర్లేదు.

మా టీవీ స్టాండుకి మూడు గాజు అరలు. నల్ల గాజు, నాలుగు స్టీలు కాళ్ళు. పై అరలో టీవీ, మధ్య అరలో కేబుల్ పెట్టె, కింది అరలో నా పుస్తకాలు ఉంటాయి. పుస్తకాలు తీసెయ్యమన్నాడు. ఇంకో అర కూడా తగిలిస్తాడట.

జూన్ 5, బుధవారం

వారానికి ఆయనకి దొరికే సెలవు ఇదొక్కటే. నాలుగింటికి బయటికి వెళ్ళి ఆరింటికి వచ్చాడు. ఎక్కడికని అడిగితే "ఊరికే, అలా" అన్నాడు.

చొక్కా ఉతకడానికి తీస్తే జేబులో చీటీ దొరికింది. "బుధ, 4.30, రెండో అంతస్తు." ఆయన రాత కాదు. ఇరవై ఏళ్ళుగా ప్రూఫులు దిద్దుతున్నాను, చేతిరాతల సంగతి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. గుండ్రటి అక్షరాలు, సున్నాలన్నీ ఒకే కొలత. ఆడమనిషి రాసింది.

ఎలా మడిచి ఉందో అలాగే మడిచి జేబులో పెట్టేశాను. చొక్కా ఉతకలేదు.

జూన్ 6

చొక్కా అక్కడే ఉంది. చీటీ లేదు.

జూన్ 8, శనివారం

అమ్మాయి ఫోన్ చేసింది. "నాన్నకి నా మీద కోపమా అమ్మా? ఫోన్ చేస్తే కట్ చేసేస్తాడు. రెండు నిమిషాలాగి 'ఏంటి తల్లీ' అని మెసేజ్ పెడతాడు" అంది.

పని ఎక్కువైందని సర్దిచెప్పాను. నాతోనూ అంతే చేస్తున్నాడు. ఒకప్పుడు డిపో నుంచి ఫోన్ చేసి మరీ ఇవాళ కూరేంటని అడిగేవాడు. ఇప్పుడన్నీ ఒంటి వేలితో టైపు చేస్తాడు. టైపు చేసే మాటలు పక్కనున్నవాళ్ళకి వినపడవు కదా.

జూన్ 9, ఆదివారం

అద్దాల షాపాయన్ని నేనే పిలిపించాను. ఈ స్టాండుకి అదనంగా అర తగిలించాలంటే తెలిసినవాడు చూడాలన్నాను. ఈయన సరేనన్నాడు. అంత తేలిగ్గా సరేననడం కూడా నాకు నచ్చలేదు.

అద్దాలాయన సన్నగా ఉన్నాడు. వేళ్ళ నిండా పాత గాట్లు. నేల మీద మోకాళ్ళేసి, తల స్టాండు లోపలికి దూర్చి, గాజు అడుగున అంటించిన కాగితం చదివాడు. "ఒక్కో అరకి పదిహేను కిలోలే. సార్, మీ ఆంప్లిఫయరు ఎంతుంటుంది?"

ఈయన ఈ పక్క నిలబడి, "కొత్తదేం కాదు, పాతదే" అన్నాడు.

బరువడిగితే వయసు చెప్పాడు. మాట దాటెయ్యడం ఇంత బాగా ఎప్పుడు నేర్చుకున్నాడో.

అద్దాలాయన తల బయటికి తియ్యకుండానే చెప్పుకుపోయాడు. "ఇది టఫెన్ చేసిన గాజు సార్. దీన్ని కొయ్యకూడదు, కన్నం వెయ్యకూడదు. వేశారంటే క్షణంలో పిండైపోద్ది. మధ్యలో గట్టిదే, కొట్టినా ఓర్చుకుంటది. ప్రాణమంతా అంచులోనే ఉంటది. అంచుకి ఇనప క్లాంపులు మాత్రం బిగించకండి. ఇవాళ ఏం కాదు, రేపూ కాదు. ఏదో ఒకరోజు ఎవరూ ముట్టుకోకుండానే పేలిపోద్ది. అర కావాలంటే చెక్కతో చేయించండి, బరువు నేల మీద పడేలాగా."

"అలాగే, అలాగే" అన్నాడు ఈయన. ఆ మాటల మీద ఆయన ధ్యాస లేదు. మనసు ఇంకెక్కడో ఉన్నవాడు అలాగే తలూపుతాడు.

జూన్ 10, సోమవారం

ప్రెస్సు నుంచి వచ్చేసరికి మధ్య అర అంచుకి రెండు ఇనప క్లాంపులు. కింద ఒక పలక వేలాడుతోంది. దాని మీద ప్లేయరు. గాజు అర మీద ఆంప్లిఫయరు కూర్చుని ఉంది.

"ఆయన చెప్పింది ఏంటి, మీరు చేసింది ఏంటి?"

"ఎవరు?"

"అద్దాలాయన!"

"బిగించమనేగా చెప్పాడు. బాగా బిగించా, చూడు" అని పలక ఊపి చూపించాడు.

"బిగించకండి అన్నాడు."

"నువ్వు ప్రతిదానికీ తప్పులు దిద్దకు. ఇది ప్రెస్సు కాదు."

బిగించండి, బిగించకండి. మధ్యలో ఉన్నది ఒక్క 'క'. ఆ ఒక్క అక్షరం మింగేసి నా కళ్ళలోకి చూస్తూ అబద్ధమాడాడు. నా మాటంటే ఆయనకి ఏనాడు లెక్క? పెడచెవిన పెట్టడం అలవాటైపోయింది.

జూన్ 12, బుధవారం

నాలుగింటికి వెళ్ళాడు. ఆరుంబావుకి వచ్చాడు. నేను అడగలేదు. ఆయన చెప్పలేదు.

జూన్ 13, గురువారం

చెయ్యకూడని పని చేశాను. మధ్యాహ్నం తలనొప్పని ప్రెస్సులో చెప్పి, తలకి స్కార్ఫు చుట్టుకుని ఆయన బస్సెక్కాను. వెనక తలుపు నుంచి. జనం కిక్కిరిసి ఉన్నారు.

ఈ రూటుకి లేడీ కండక్టరు వచ్చి ఏడాదైంది. ఆ అమ్మాయి మాట ఇంట్లో ఒకటి రెండుసార్లు వచ్చింది, తర్వాత రావడం మానేసింది. ముప్పై అయిదేళ్ళు ఉండొచ్చు. చురుకైన మనిషి. టిక్కెట్లు చకచకా కొట్టేసి ముందుకి వెళ్ళి ఆయన సీటు వెనకే నిలబడుతుంది. స్టాపు వస్తే వంగి ఆయన ఎడమ భుజం మీద చెయ్యి వేస్తుంది. బండి ఆగాక తీస్తుంది. జనం దిగి, ఎక్కాక మళ్ళీ వేస్తుంది.

గంట తాడు ఆమె నెత్తి మీదే ఉంది. ఒక్కసారి కూడా లాగలేదు. ఎందుకు లాగుతుంది, చెయ్యి ఉండగా?

పదకొండు స్టాపులు లెక్కపెట్టాను. ఆయన ఒక్కసారి కూడా ఆ చెయ్యి విదిలించుకోలేదు. ఇంట్లో నేను వెనకనుంచి వచ్చి ముట్టుకుంటే ఉలిక్కిపడతాడు.

దిగేటప్పుడు ఆమె చేతిలో అట్ట మీద రాసుకున్న ట్రిప్పు కాగితం చూశాను. గుండ్రటి అక్షరాలు. సున్నాలన్నీ ఒకే కొలత.

నన్ను టిక్కెట్టు కూడా అడగలేదు. అంత జనంలో కనపడి ఉండను.

జూన్ 14

నేను బాగానే ఉన్నాను. కేలండరు ప్రూఫులో జూన్‌కి ముప్పై ఒకటో తేదీ పడి ఉంటే కొట్టెయ్యకుండా వదిలేశానట. ఓనరు పట్టుకున్నాడు. "ఒంట్లో బాగోలేదా అమ్మా?" అన్నాడు. బాగానే ఉందన్నాను.

జూన్ 16, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం డ్యూటీ కనక ఆయన పొద్దున ఇంట్లోనే ఉన్నాడు. వైర్లేవో మార్చాలని ఆంప్లిఫయరూ ప్లేయరూ తీసి భోజనాల బల్ల మీద పెట్టాడు. మధ్య అర ఖాళీగా ఉంది. క్లాంపులు అలాగే ఉన్నాయి. వీధివైపు కిటికీ దగ్గర నాకు వీపు చూపిస్తూ నిలబడి నారింజ వలుచుకుంటున్నాడు. కింద నీళ్ళ ట్యాంకరు గుడగుడమంటూ నిలబడి ఉంది. నేను కుర్చీలో కూర్చుని, ఇవాళ అడిగెయ్యాలి అనుకుంటున్నాను. మాటలు కూడా కూర్చుకున్నాను.

అప్పుడు పేలింది.

ఎవరూ ముట్టుకోలేదు. చెవి పక్కన టపాకాయ పేలినట్టు చటుక్కుమని పేలి, గుప్పెళ్ళు గుప్పెళ్ళుగా గాజు రాలింది. తివాచీ మీద, నా ఒళ్ళో, నా చెప్పుల్లో. నేను కెవ్వున అరిచాను. కింది వాటా ఆవిడ "ఏమైందండీ!" అంటూ కేకేసింది.

ఆయన నారింజ తొక్క తీస్తున్నాడు.

మనిషి కదలడేం? నన్ను ఏడిపించడానికా? లేచి, ముక్కల మధ్య అడుగేసుకుంటూ ఆయన వెనక రెండడుగుల దూరంలోకి వెళ్ళి నిలబడ్డాను. కూర్చుకున్న మాటలన్నీ వాటంతటవే వచ్చేశాయి.

"మీకు ఆ కండక్టరమ్మాయితో ఏదో ఉంది కదూ" అన్నాను. గట్టిగానే అన్నాను.

తొక్క ఇంకో చుట్టు ఊడింది. ఒక తొన తీసి నోట్లో వేసుకున్నాడు.

"నన్ను వదిలేసి పోతారా?" అన్నాను.

గింజ కిటికీలోంచి బయటికి ఊశాడు. ఈల పాట ఏదో నోట్లో ఆడిస్తున్నాడు.

అప్పుడు అర్థమైంది. ఒక్కొక్కటిగా కాదు, అన్నీ ఒకేసారి.

రెండో తొన నాకివ్వడానికి వెనక్కి తిరిగాడు. ముందు నన్ను చూశాడు. తర్వాత స్టాండు వైపు, తివాచీ వైపు చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎప్పుడు పగిలింది ఇది?" అన్నాడు.

"ఇప్పుడే" అన్నాను.

నా పెదాల వైపే చూస్తున్నాడు. ఎన్నాళ్ళుగా అలా చూస్తున్నాడో. నేనది ప్రేమ తగ్గినవాడి చూపు అనుకున్నాను.

ఇద్దరం కలిసి ముక్కలు ఊడ్చాం. ఒంటిగంటకి యూనిఫాం వేసుకుని డ్యూటీకి వెళ్ళాడు.

ఇంకో ఆడమనిషి ఉంటేనే నయమేమో. దానికి నేను తయారుగా ఉన్నాను.

జూన్ 17, సోమవారం

డ్యూటీకి వెళ్ళాడు. క్యారేజీ నేనే కట్టాను.

జూన్ 18, మంగళవారం

ఆయనంతట ఆయనే చెప్తాడేమో చూడాలి. అడిగితే చిన్నబుచ్చుకుంటాడు. ముప్పై ఏళ్ళలో ఒక్క ప్రమాదం లేని డ్రైవరు, గోడ మీద సర్టిఫికెట్ కూడా ఉంది. చెయ్యి తిరిగిన మనిషికి చెవులతో అంత పనేముంటుంది. కళ్ళు బాగానే ఉన్నాయి.

రేపు సెలవు. నాకు తెలిసిపోయిందని రేపు చెప్తాను.

జూన్ 19, బుధవారం

అద్దాలాయన్ని మళ్ళీ పిలిపించాను. గుమ్మం దగ్గరే ఆపి, "సార్ ఎదురుగా నిలబడి, మొహం కనపడేలా చెప్పండి" అన్నాను. నావైపు ఒకసారి చూసి, ఎందుకని అడగలేదు. "మా అన్న కూడా అంతేనమ్మా. గాజు సానబట్టే మిషను దగ్గర పాతికేళ్ళు పనిచేశాడు" అన్నాడు మెల్లగా.

ఈసారి ఈయన ఒక్క మాట వదలకుండా అందుకున్నాడు. అద్దాలాయన దవడ కదిలినప్పుడల్లా ఈయన కళ్ళు దాని వెంటే వెళ్ళాయి.

పగిలిన అర తీసేశారు. దాని బదులు స్టాండు కాళ్ళ మధ్యలో మందపాటి చెక్క బల్ల ఒకటి, దాని కాళ్ళ మీద అది నేల మీదే నిలబడేలా పెట్టారు. గాజుకీ దానికీ సంబంధమే లేదు. ఆంప్లిఫయరు దాని మీద, ప్లేయరు పక్కన. వెనక నాలుగు వేళ్ళ సందు వదిలారు వేడి పోవడానికి. గాజుకి కన్నం పెట్టకుండా వైర్లన్నీ కాలి వెంట కట్టారు. పై అరలో టీవీ తప్ప ఇంకేమీ వద్దన్నాడు. స్టాండు మొత్తాన్ని పట్టీతో గోడకి బిగించాడు. "ఇప్పుడు ఎవరైనా చెయ్యేసి లాగినా మీద పడదమ్మా" అన్నాడు.

సాయంత్రం అంతా బాగుంది. ఒక పని సరిగ్గా చేయించానన్న తృప్తి కలిగింది. చెప్పడం కుదరలేదు.

జూన్ 20, గురువారం

మూడింటికి ప్రెస్సుకి కండక్టరమ్మాయి వచ్చింది. యూనిఫాంలోనే ఉంది. కాగితం కట్టల మధ్య ఎక్కడ నిలబడాలో తెలియక గోడకి ఆనుకుంది.

"వదినా, మీతో ఒక మాట చెప్పాలి. అన్న వద్దన్నాడు. అయినా చెప్పాలి."

"చెవుల సంగతేగా" అన్నాను.

ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మీకు తెలుసా? ఎప్పటినుంచి?"

"ఆదివారం నుంచి."

లెక్క నేనే పెట్టుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం, సోమ, మంగళ, ఇవాళ. అంతా తెలిసి నేను పంపిన డ్యూటీలు నాలుగు.

"ఇవాళ పొద్దున ఒక పెద్దాయన ముందు తలుపులోంచి దిగుతున్నాడు. నేను వెనక ఉన్నా, జనంలో ఇరుక్కుపోయా. ఆపమని ఈల వేశా, గంట కొట్టా, అరిచా. బండి కదిలిపోయింది వదినా. ఆయన చొక్కా తలుపులో పట్టుకుంది. నాలుగడుగులు బండితో పాటు పరిగెత్తాడు. తర్వాత చొక్కా చిరిగి కింద పడ్డాడు. మోచెయ్యి గీసుకుంది, అంతే. దేవుడి దయ."

"ఈయన?"

"అద్దంలో చూసి ఆపాడు. దిగి ఆయన్ని లేవదీసి, రోడ్డు మీదే చేతులు పట్టుకుని ఏడ్చాడు."

నేను అడిగాను. "ఆ రెండో అంతస్తు ఎవరిది?"

"చెవుల డాక్టరమ్మది. నేనే చీటీ రాసిచ్చా. మా అమ్మకి చూపించినావిడే. ఎంత బతిమాలితే వెళ్ళాడో. ఇంట్లో చెప్పనంటేనే సరేనన్నాడు." కళ్ళు తుడుచుకుంది. "తప్పు నాది కూడా వదినా. భుజం తడుతూ ఏడాది నెట్టుకొచ్చా. మంచి చేస్తున్నాననుకున్నా."

"నేను నిన్ను..." అని మొదలుపెట్టి ఆగిపోయాను.

"ఆరోజు స్కార్ఫు కట్టుకుని ఎక్కింది మీరేనని తెలుసు. అన్నకి చెప్పలేదు. టిక్కెట్టు అడగడానికి నాకే సిగ్గేసింది."

ఆ అమ్మాయి వెళ్ళిపోయాక కూడా నా చెంపలు మండుతూనే ఉన్నాయి.

సాయంత్రం ఆయన వచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చున్నాడు. టీవీ పెట్టబోతే రిమోట్ తీసేసుకున్నాను. కుర్చీ లాగి మోకాళ్ళు తగిలేంత దగ్గరగా ఎదురుగా కూర్చున్నాను.

"మీకు వినపడటం లేదు."

"ఎందుకు వినపడదు? వినపడుతూనే ఉందిగా."

"కండక్టరమ్మాయి వచ్చింది."

తల దించేసుకున్నాడు. గడ్డం పట్టుకుని పైకెత్తాను. తల దించుకుంటే నా మాట ఆయనకి చేరదు.

"పూర్తిగా పోలేదు" అన్నాడు. "ఇంజను వినపడుతుంది. లారీలు వినపడతాయి. సన్నటివే ముందు పోతాయంటుంది డాక్టరమ్మ. ఈల, గంట, పిల్లల మాటలు. నీ గొంతు సన్నది. అది అన్నిటికంటే ముందే పోయింది. ఆ డబ్బాలన్నీ పెట్టి చూశా. టీవీలో ఆడవాళ్ళ గొంతులు తెలిస్తే నీదీ తెలుస్తుందేమోనని. తెలియలా."

నేను ఏడవకూడదనుకున్నాను. ఏడిస్తే నోరు వంకర పోతుంది, ఆయన చదవలేడు.

"వచ్చే గురువారానికి మిషన్లు వస్తాయి, చెవుల్లో పెట్టుకునేవి. ఒక్క వారం ఆగు. ఎవరికీ తెలియనక్కర్లేదు. నన్ను స్టీరింగు మీంచి దించేస్తే ఇంకేం చేతనవును నాకు?"

వారమేగా అని నాకూ అనిపించింది. ఒక నిమిషంపాటు నిజంగానే అనిపించింది. వారంలో ఏమవుతుంది? తర్వాత ఆ పెద్దాయన చొక్కా గుర్తొచ్చింది. ఎవరింట్లోనో ఎవరో దాన్ని ఈపాటికి కుడుతూ ఉంటారు.

"రేపు బండి ఎక్కొద్దు. ఇద్దరం డిపోకి వెళ్దాం" అన్నాను.

"నువ్వు చెప్తావా?"

"నేను పక్కన ఉంటా."

జూన్ 21, శుక్రవారం

మేనేజరు గదిలో ఫ్యాను కింద ఫైళ్ళు రెపరెపలాడుతున్నాయి. మేనేజరు మాకంటే చిన్నవాడు. తల ఎత్తకుండా సంతకాలు పెడుతూనే, "నిన్న పడిపోయినాయన కంప్లెయింటు ఇవ్వనన్నాడు. ఇంక మీకేం భయం? ఇవాళ బండెందుకు తియ్యలేదు?" అన్నాడు, నోరంతా కాగితాల వైపే పెట్టుకుని.

ఆయన నా వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. ఏమన్నాడో చెప్పు, నేను సమాధానం చెప్పుకుంటా అని దాని అర్థం. కంప్లెయింటు లేదట అని పెదాలు కదిపితే చాలు. జ్వరమనో నడుం నొప్పనో చెప్పి, గురువారం దాకా సెలవు రాసిచ్చి బయటపడేవాళ్ళం. నా నోరు తెరుచుకుంది కూడా.

మూసుకున్నాను.

మేనేజరు పెన్ను ఆపాడు. "ఏంటండీ, మిమ్మల్నే" అన్నాడు, ఇంకో కాగితం తిప్పుతూ.

ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. తన గొంతు తనకే ఎంత వినపడుతోందో తెలియక కాబోలు, గది దద్దరిల్లేంత గట్టిగా అన్నాడు.

"మీరు అడిగింది నాకు వినపడలేదు సార్. ఏడాది దాటింది, నాకు సరిగ్గా వినపడటం లేదు. నిన్న ఆయన పడిపోయింది అందుకే."

వరండాలో ఉన్న డ్రైవర్లందరూ గుమ్మంలోకి వచ్చారు. మేనేజరు తల ఎత్తాడు. ఆయన్ని, నన్ను, మళ్ళీ ఆయన్ని చూశాడు. లేచి వెళ్ళి గుమ్మంలోని వాళ్ళని పంపించి తలుపు మూసేశాడు. తర్వాత తన కుర్చీని బల్లకి ఈ పక్కకి లాక్కొచ్చి, ఆయనకి సరిగ్గా ఎదురుగా వేసుకుని కూర్చున్నాడు.

"కూర్చోండి" అన్నాడు నిదానంగా, ఒక్కో అక్షరం విప్పుతూ. "మొదటినుంచీ చెప్పండి."

ఆయన కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. మధ్యలో తేదీలు తప్పు చెప్పాడు. ఒకచోట వారం కూడా తప్పు చెప్పాడు. నేను ఒక్కటీ దిద్దలేదు.